దూది బస్తాల మధ్య మూట

చెల్లెలు సైదమ్మకు అన్న నాగూర్ దీవించి రాసేది. నువ్వు, మీ అత్త, నీ మొగుడు కాశిం బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను.

ముందు ఒక పని చెయ్యి. చదవడం ఆపి, మీరు పడుకునే గది తలుపు, కిటికీ బార్లా తెరువు. మీ అత్తను బయట వసారాలో మంచం మీద పడుకోబెట్టు. తర్వాత వచ్చి మిగతాది చదువు.

తెరిచావా? సరే.

చిలకలూరిపేట వచ్చాక నా పని సంగతి నీకు సరిగా చెప్పలేదు. విల్లు పట్టి దూది ఏకిన చేతులతో కందుల గోడౌనుకు కాపలా కాస్తున్నాను. మెస్సులో కూర చప్పగా ఉంటుంది, తింటున్నాను. వానలు పడుతున్నాయి. మాట్లాడటానికి హమాలీ కోటయ్య ఒక్కడే తోడు.

ఇక్కడ పురుగు పట్టకుండా బస్తాల మీద పట్టాలు కప్పి, లోపల బిళ్లలు పెడతారు. తడి గాలి తగిలితే ఆ బిళ్ల విషగాలి వదులుతుంది. ఆ రోజు మమ్మల్ని గేటు అవతలికి తరిమేస్తారు. మందు పెట్టేవాడు మూతికి పెద్ద ముసుగు వేసుకుంటాడు. కోటయ్య నాలుగు బిళ్లలు జేబులో వేసుకుపోయి ఇంట్లో బియ్యం డ్రమ్ములో వేశాడు. వాన జల్లని తలుపులు మూసుకుని పడుకున్నారు. అతని భార్య ఇప్పుడు ఆస్పత్రిలో ఊపిరి అందక కొట్టుకుంటోంది. నేను చూడ్డానికి పోతే కోటయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"బియ్యంలో పురుగు పోవాలనే కదా నాగూరన్నా వేసింది," అన్నాడు.

తర్వాత తల వంచుకుని, "మొన్న పరుపులు అమ్ముకోడానికి పేట వచ్చినప్పుడు మీ కాశిం కూడా కాసిని పట్టుకుపోయాడన్నా," అన్నాడు.

వెంటనే ఫోను చేశాను.

"ఒరేయ్ కాశిం, ఆ బిళ్లలు ఎక్కడ పెట్టావురా?"

"గుడ్డలో మూటగట్టి దూది బస్తాల మధ్య పెట్టా బావా. పురుగుకు వేపాకులు పెట్టే మీ కాలం పోయిందిలే."

"ముందు ఆడవాళ్లను బయటికి పంపరా!"

"మిరప చేలల్లో డ్రమ్ములో చెయ్యి పెట్టి మందు కలిపినోణ్ణి. నాకేమన్నా అయిందా? కూలికి పోయినోడివి, నువ్వా నాకు చెప్పేది?"

పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. ఫోను వాడి జేబులోనే ఉంటుంది. మీ వీధిలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు.

నాకేం కాలేదంటాడు. వాడి గోళ్లు ఎందుకు ఊడాయో అడుగు. ఇక్కడ నూలుకు రంగు వేసే మనిషి కూడా తోలు లేచిన వేళ్లు చూపించి ఇదే మాట అంటాడు.

మన ఇళ్లల్లో దూది ఎగరకుండా తలుపులు మూసి పని చేస్తాం, ఆ బస్తాల పక్కనే పడుకుంటాం. నా భయం అదే. పైగా ఈ వాన తడి.

మూట ముట్టుకోవద్దు. నీళ్లు పోయొద్దు, కాలవలో వేయొద్దు. ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వకు. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి పరుగెత్తండి. బిళ్లల సంగతి దాచకుండా చెప్పండి.

ఒంగోలు బస్సు డ్రైవరు మీ ఊరివాడే. నీ చేతికే ఇమ్మని ఈ కాగితం ఇస్తున్నాను. ముసుగు లేకుండా నేనొక్కణ్ణి ఇప్పుడే వచ్చినా మూట తియ్యలేను, మందు పెట్టేవాడు రేపటికి గానీ దొరకడు. ముసుగుతో సహా వాణ్ణి వెంటబెట్టుకుని మొదటి బస్సుకు వస్తాను.

కాశిం మొదటిసారి నన్ను కూలోడన్న రోజున మీ గడప తొక్కనన్నాను. ఇప్పటికీ వాడి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను. గడప మాత్రం తొక్కుతాను. వాడు అడ్డం వస్తే పక్కకు నెడతాను.

మీ అత్తకు నా సలాములు చెప్పు. అల్లా మిమ్మల్ని ఈ ఒక్క రాత్రి కాపాడాలి. ఎంత వాన కొట్టినా ఆ తలుపు మూయకు సైదమ్మా. నేను వచ్చి మూస్తాను.

నీ అన్న
నాగూర్