మోటారు ఎవరిచేతా విప్పించవద్దు

కోయంబత్తూరు,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక

ప్రియమైన అక్కకు సుగుణ వందనాలు చెప్పి రాసేది. దేవుని దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ వానలో బండి మీద నాయుడుపేటకు తిరగడం మానుకున్నాడా? కొత్త ఇంటికి సున్నాలు అయ్యాయా?

ఇక్కడ పొద్దునపూట కొండల మీదనుంచి చల్లగాలి వస్తుంది. మన వాకాడులోలాగా చీర ఒంటికి అతుక్కోదు. తిండికి లోటు లేదు, దిగులు పడవద్దు. చేపలు మాత్రం ఐసు వాసన. ఎవరైనా వస్తుంటే ఎండు నెత్తళ్ళు పంపు, మూట గట్టిగా కట్టు. పోయినసారి ఆ వాసనకు హాస్టలంతా ముక్కు మూసుకుంది.

పని కుదురుకుంది. ఇప్పుడు నన్ను పంపులు బిగించేచోట వేశారు. బేరింగును వేడిచేసి ఇరుసు మీదికి జారుస్తాం. చల్లారేలోపు సరిగ్గా కూర్చోవాలి, చల్లారితే ఇక కదలదు. మా ఫోర్‌మన్ పెద్దాయన నన్ను ఇంకా "టీచరమ్మా" అనే పిలుస్తాడు. పంపు తేడాగా మోగితే మాత్రం ముందు నన్నే చెవి పెట్టి వినమంటాడు.

అక్కా, పోయిన వారం మన సంఘం పాస్టరు అయ్యగారి భార్య ఫోన్ చేసింది.

"సుగుణమ్మా, మా అల్లుడు ఖాళీగా ఉండాడు. నీ కింద ఏదన్నా చిన్న ఉద్యోగం చూడమ్మా."

"నా కింద ఎవరూ ఉండరు అమ్మగారూ. నేను ఫిట్టర్‌ని."

ఆమె నవ్వింది. "ఎగతాళా? ఏసీ రూములో పెద్దాఫీసరువని మీ అక్క సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది గదా. ఎమ్మెస్సీ చదివినదానివి, నట్లు బిగిస్తావా నువ్వు?"

తప్పు విన్నానేమో అనుకున్నాను. నా పరువు కోసమే చెప్పావేమో అనుకున్నాను. కాదు, నీ పరువు కోసమేమో. ఎటూ తేలడం లేదు. అబద్ధ సాక్ష్యం పలకవద్దని మనిద్దరికీ ఒకే అమ్మ కదా నేర్పింది.

వేరే ఎవరన్నా అని ఉంటే ఇంత కోత ఉండేది కాదు. నేను పాఠాలు చెప్పే బడి మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు, నలభై దాటినదాన్ని ఐటీఐకి చేయిపట్టుకుని తీసుకెళ్ళింది నువ్వు. గేటు దగ్గర నేను వెనక్కి తగ్గితే, "చేపలు తోమే చేతులేగదే, ఇనుము తోమితే అరిగిపోతాయా?" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకునే మగపిల్లల మధ్య రెండేళ్ళు కూర్చున్నాను.

ఆ సాయంత్రమే షారోన్‌తో మాట్లాడాను. ఫిట్టర్ కావాలంటే ఏం చదవాలో పిన్నిని అడుగుతానంటే, "పిన్నికి అవన్నీ తెలవవు, ఆమెది ఆఫీసు పని" అన్నావట. కన్నబిడ్డతో కూడానా అక్కా?

అందుకని ఈ కింది ముక్క నువ్వే దానికి చదివి వినిపించు. పదో తరగతి చాలు. ఐటీఐలో రెండేళ్ళు, ఆ తర్వాత కంపెనీలో అప్రెంటిస్. మొదట్లో ఏ మిషనూ ముట్టనివ్వరు. ఇనుపముక్కను ఆకురాయితో రుద్దడమే పని. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి పట్టుకోవాలి, సందులోంచి వెలుగు కనబడితే మళ్ళీ రుద్దాలి. బొబ్బలు వస్తాయి. ఏడుపూ వస్తుంది. నా ఎమ్మెస్సీకి కూడా మొదటి ముక్క వంకరగానే వచ్చింది. ఓపిక ఉంటే చాలు, చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

కొత్త ఇంటి ప్రార్థనకు రమ్మన్నావు. "మంచి చీర కట్టుకోనిరా, ఆ గోళ్ళు కాస్త తోముకోనిరా" అంటే ప్రేమ అనుకుని మురిసిపోయాను. అప్పుడే ఇంకో మాట అన్నావు, కొత్త నీళ్ళ మోటారు గరగరమంటోందని, బావ మెకానిక్కు కోసం తిరుగుతున్నాడని. దాన్ని ఎవరిచేతా విప్పించవద్దు. నా పనిసంచి తెస్తాను. ప్రార్థన అయ్యాక, అయ్యగారూ అమ్మగారూ చూస్తుండగానే విప్పుతాను. షారోన్ టార్చి పట్టుకుంటుంది. అది నీకు ఇష్టం లేకపోతే ముందే చెప్పు, టికెట్టు తీసుకోను. ఈలోగా నీళ్ళు లేకుండా మోటారు తిప్పకండి, కాలిపోతుంది.

అమ్మ చేయి నా తల మీద ఉన్నట్టే అనుకుంటాను. బావకు వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యి. సంఘంలో చేసేటప్పుడు మాత్రం పనిపేరు కూడా చెప్పి చెయ్యి.

నీ చెల్లెలు,
సుగుణ, ఫిట్టర్