పురుగు తిన్న పేరు

అక్కా,

నా కళ్ళు తప్ప ఇక్కడ అంతా బాగానే ఉంది. చర్చి వెనక గదిలో, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల పాత పుస్తకానికి నకలు రాసే పని ఇంకా తెమల్లేదు.

నీకు చెప్పని సంగతొకటుంది, తిట్టకుండా చదువు. అమ్మ పోయిన కొన్నాళ్ళకి, ఆ పుస్తకంలో ఒకామె పేరు పురుగు తినేసి కనిపించింది. "బట్టలు ఉతికి బతికేది, విశ్వాసం వదలనందుకు చంపారు" అన్నంత వరకే మిగిలింది. ఏ రోజు సాక్షి పేరు ఆ రోజు పొద్దున పైకి చదవాలి, ఖాళీని ఎలా చదువుతారు? విసుగొచ్చి నకల్లో అమ్మ పేరు రాసేశాను. ఆవిడా జన్మంతా ఉతికిందేగా.

పదకొండేళ్ళుగా చదువుతున్నారు. ఇప్పుడు ఆ పేరున కొవ్వొత్తులు కూడా పెడుతున్నారు. మోకాళ్ళ నొప్పులకి మంచిదట! అమ్మ మోకాళ్ళ సంగతి మనకి తెలీదూ?

నిన్న ఫాదర్‌గారు పిలిచి, "ఆవిడ చివరి ఘడియల గురించి ఒక పేజీ రాసివ్వు, ఆవిడ రోజున చదువుతాను" అన్నారు. నిజం చెప్పేద్దామనుకున్నాను. అంతలో ఒక ముసలామె అమ్మ పేరు తలుచుకుంటూ మోకరిల్లింది. సరేనని వచ్చేశాను.

సింహాలూ కత్తులూ, అందరి చావులూ రాశానక్కా. ఇదొక్కటే చేతకావడం లేదు. అమ్మ ఆఖరి రోజున నువ్వు కబురు పెడితే, ఈ పేజీ అయ్యాక వస్తానన్నాను. పక్కనున్నది నువ్వే. అమ్మ ఎలా పోయిందో ఉన్నదున్నట్టు రాసి పంపు. నా కోసం అడిగి ఉంటే అదీ రాయి. ఫాదర్‌గారు చదివేటప్పుడు అందరితో పాటు నిలబడి వింటాను.

నీ తమ్ముడు