ప్రేమావతి ఉపవాసం

శంషాబాద్, మే 2021

అక్కా, నేను బాగానే ఉన్నాను, ఓపికే అయిపోయింది.

నా పేషెంట్ ప్రేమావతిది తొండుపల్లి. నీకులాగే పిట్యూటరీ ఆపరేషనైన మనిషి. కరోనా జ్వరం తగిలితే రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్ర రెట్టింపు వేసుకోమని ఎర్రసిరాతో రాసిచ్చాను. ఆవిడ మొత్తానికే మానేసింది! నిన్న స్పృహ లేకుండా తెచ్చారు.

"కరోనా పోవాలని మూడు దినాల ఉపవాస ప్రార్థన పెట్టుకున్నది మేడం, గోలి ఎట్ల మింగుతది?" అన్నాడు భర్త జయకర్.

ఇంజెక్షన్ పడ్డాక ఆవిడ కళ్లు తెరిచి, "ఇంకొక్క దినం మిగిలింది కద మేడం" అంది. తల బాదుకున్నాను.

ఇంతకీ నీ శనివారం ఉపవాసాల సంగతేమిటి? ఫోన్లో అడిగితే మాట దాటేస్తావు. అందుకే బావగారి కంటా పడాలని కార్డు రాస్తున్నాను. బావగారూ, అక్క మాత్రల డబ్బా ఓసారి చూడండి. చిన్మయికి ముద్దులు.

ఉపవాసం నువ్వు చెయ్యి తల్లీ, మాత్రల చేత చేయించకు.

మృదుల