బొగ్గు పట్టినంత నీలం

మాచర్ల,
12-3-1946, మంగళవారం.

షోలాపూరులో ఉన్న అన్నయ్య ఖలందరుకు చెల్లెలు జీనత్ సలాములు.

మన వీధి బావి పూడిక తీయడానికి ఈ నెల ముప్పై ఒకటో తేదీ, ఆదివారం ఖాయం చేశారు. ఆ లోపల నూలుకు రంగు వేసే మన నీలిబాన సంగతి తేలాలి. తేల్చవలసింది నువ్వు. అందుకే బడి నుంచి రాగానే కూర్చుని రాస్తున్నాను. ఒక సంగతి నీకు రాయవద్దని అబ్బా నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు ఈ ఉత్తరంలో తప్పుతున్నాను. అందరం క్షేమమని రాసే చోట ఈసారి అమ్మీ క్షేమం, నేను క్షేమం అని మాత్రమే రాయగలను.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే పాండురంగారావు గారికి నా నమస్కారాలు. మిల్లులో పగలంతా పని చేసి వచ్చి కూడా మా ఉత్తరాలు చదివి, జవాబు రాసిపెడుతున్నారు. వారి మేలు మరిచిపోము.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అమ్మీ కళ్లకు పంపిన మందు అందింది. మండుతోందట, మండితేనే అసలైన మందట. అదే మందు మేకపిల్ల కంటికి కూడా రాస్తోంది. బడిలో నాకు రెండో తరగతి ఇచ్చారు. పిల్లలు నా గోళ్లు చూసి వెనకాల నీలి పంతులమ్మ అంటున్నారు. నేను వినబడనట్టు ఉంటాను.

నా బొగ్గు ఇంకా రంగు పడుతోందా అని అడిగావు. మీ రంగుల మాస్టరుకు చెప్పానని, ఆయన ముచ్చటపడ్డాడని రాయించావు. దీనికి జవాబు ఒక్క ముక్కలో రాయలేను.

నువ్వు వెళ్లిన ఏడాదే బావి నీళ్లు రంగు మారాయి. నూలు జాడించిన నీళ్లు, బాన అడుగు మడ్డి తాతల నాటి నుంచీ పెరటి గుంటలోనే పోస్తున్నాం కదా. మనది నాపరాతి నేల. పైకి గట్టిగా కనిపిస్తుంది గాని లోపలంతా చీలికలే. ఆ చీలికల వెంట నీలం వెళ్లి బావిలో దిగింది. కొట్టు కోటయ్య బాబాయి ఒకరోజు చేద పట్టుకుని మన గుమ్మంలోకే వచ్చాడు.

"వీధి మొత్తాన్ని నీలకంఠుల్ని చేస్తన్నావు జాన్ సాహెబూ. ఇంక మమ్మల్ని గుళ్లో పెట్టి కొబ్బరికాయలు కొట్టుకో" అని అబ్బాతో అన్నాడు.

అందరూ నవ్వారు. అబ్బా కూడా నవ్వాడు, కాని ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

బొగ్గు మురికినీటిలోని రంగును, వాసనను లాగుతుందని నా ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని బయలుదేరాను. కాయలు ఒలిచే మిల్లు వెనక వేరుశెనగ తొక్కలు గుట్టలుగా పడి ఉండేవి. తీసుకుపోతే చాలనేవాళ్లు. గొయ్యిలో దట్టించి, నిప్పంటించి, పైన తడిమట్టి కప్పాము. మొదటిసారి నేను తొందరపడి మట్టి తీశాను. గాలి తగిలి అంతా బూడిదైంది. అమ్మీ ఆ బూడిదతో గిన్నెలు తోముకుంది. రెండోసారి మంచి బొగ్గు దిగింది. కడిగి, దంచి, అడుగున చిల్లిపెట్టిన కుండలో ఇసుక మీద పరిచి, బావినీళ్లు పోశాను. కింది కుండలోకి తెల్లని నీళ్లు పడ్డాయి. వాసన కూడా లేదు.

వీధిలో అందరూ కుండలు పెట్టుకున్నారు. మనం కాల్చిన బొగ్గు కోటయ్య బాబాయి వాళ్ల అమ్మ సరస్వతమ్మ గారు ముట్టదనుకున్నాను. ఆమె నా చేతిలోని చేట తీసుకుని, "కాల్చింది ఎవరైతే ఏందే? నిప్పుకు మైల ఉంటదా? కుండ మాత్రం మా ఇంటిది పెడతాలే" అంది. తరువాత పెరటి గుంటకు ముందు పెద్ద బొగ్గుమడి కట్టాము. బాన నీళ్లు దానిలోంచి వడిసి తెల్లగా బయటికి వచ్చేవి. వానలు పడ్డాక బావి కూడా తేటపడింది. నీకు సంతోషంగా రాసింది అప్పుడే.

బొగ్గుకు కూడా కడుపు నిండుతుందని ఆ పుస్తకంలో లేదు. నిండిన తరువాత అది ఒక్క చుక్క రంగు కూడా పట్టదు. పాత బొగ్గు తీసి కొత్తది వేస్తూ ఉండాలి. ఇది నేను తెలుసుకునేసరికి మిల్లుకు రాక్షసిబొగ్గు కరువై, తొక్కల్ని వాళ్ల బాయిలరులోనే వేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరికీ అక్కర్లేనంత కాలమే అవి మనవి. ఏం చేద్దామని అబ్బాను అడిగితే, "ఇంకా పడతానే ఉంది, నువ్వు బడికి పో" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే మడిలోంచి తెల్లనీళ్లు వస్తున్నాయి. బళ్ల ఇన్‌స్పెక్టరు గారు మడి చూడడానికి వచ్చిన నాడు కూడా అబ్బా తనే స్వయంగా నీళ్లు వదిలాడు. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. అబ్బా తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

పాండురంగారావు గారూ, ఇక్కడి నుంచి కాస్త మెల్లగా చదవండి. మా అన్నయ్య పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

అన్నయ్యా, ఆ మడిలోకి అబ్బా పోసినవి బావినీళ్లు. బాన నీళ్లను రోజూ తెల్లవారుజామున కావడిలో చంద్రవంక వాగు అవతలి బీడుకు మోసి పారబోసేవాడు. సంక్రాంతి దాటిన తరువాత ఒకనాడు వాగు ఒడ్డున జారిపడ్డాడు. తుంటి విరిగింది. బండి మీద ఆ దారినే వస్తున్న కోటయ్య బాబాయి ఎత్తి తెచ్చాడు. ఆయన పంచె నిండా నీలం. కావడి సంగతి ఆయనకు ముందే తెలుసట. "మా పిల్లకు చెప్పమాక కోటయ్యా, దాని బొగ్గు గెలిచిందనే అనుకోనీ" అని అబ్బా చేతులు పట్టుకున్నాడట. అది నాకు చెబుతూ బాబాయి ఏడ్చాడు.

నేను వెళ్లి అబ్బా మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆయనే అన్నాడు. "బొగ్గు తప్పేం లేదే తల్లీ. అది పట్టినంత పట్టింది. మిగిలింది నేను మోశా. అంతేగా."

ఇక లేచి నడవడని డాక్టరు చెప్పాడు. పది రోజులుగా జ్వరం దిగడం లేదు, దగ్గు ఎక్కువైంది. ఈ ఎండాకాలం దాటడం కష్టమని మొన్న నన్ను బయటికి పిలిచి చెప్పాడు. అమ్మీకి ఇంకా తెలియదు. ఇప్పుడు ఆ కావడి నేనూ అమ్మీ చెరొక కొస పట్టుకుని మోస్తున్నాం. పొద్దున కళ్లు తెరవగానే అబ్బా అడిగేది ఒక్కటే, బానకు బెల్లం, సున్నం వేశారా అని. "ఖలందరు వచ్చిందాకా దాన్ని చావనీయమాకండి" అంటాడు. అది మన తాత పులియబెట్టిన బాన, ఒక్కరోజు మేత తప్పినా చచ్చిపోతుందని నీకు నేను చెప్పాలా? నూలు తెచ్చేవాళ్లు మాత్రం ఇద్దరే మిగిలారు.

మేమిద్దరం ఎక్కువ రోజులు ఇలా మోయలేము. పూడిక తీసి కొత్త ఊట పడిన తరువాత మళ్లీ నీలం కనబడితే వీధికి మనం మొహం చూపించలేము. వాళ్లెవరూ మనల్ని బెదిరించలేదు. అబ్బాను చూసి ఊరుకున్నారు. అందుకే ఇంకా కష్టంగా ఉంది. బాన ఖాళీ చేద్దామంటే అబ్బా, "అది వాడిది. వాడే చెప్పాలి" అంటున్నాడు.

నువ్వు వచ్చి బాన పట్టేట్టయితే ఆ మాట రాయించు. పత్తికంప అయినా, వరిఊక అయినా కాల్చి చూస్తాను, ఈసారి నిండగానే మారుస్తాను. రానట్టయితే అదీ రాయించు. నిన్ను ఎవరూ తప్పుపట్టరు. అబ్బా పక్కన కూర్చుని నేనే చదివి వినిపిస్తాను. "చూద్దాం" అని మాత్రం వద్దు అన్నయ్యా. ఇదివరకు నువ్వు రాయించిన ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన ఇన్నాళ్లూ కావడి దించలేదు.

పాండురంగారావు గారూ, మా అన్నయ్య చెప్పింది చెప్పినట్టే రాయండి. మా మీద జాలితో తీపి చేయవద్దు. జవాబు ఈ నెల ఇరవై తొమ్మిది, శుక్రవారం లోపల మా చేతికి అందాలి.

ఇట్లు,
నీ చెల్లెలు,
జీనత్