ఇంకా పుట్టని పిల్లకు కాలేజీ

సర్కారు ఫస్లీ లెక్కన అమర్దాద్ నెల, గురువారం రాత్రి

మనవరాలు రూతు కాలేజీ దరఖాస్తు పొద్దున టపాలో పట్నం పోయింది. ఫారం నేనే నింపాను. మా ఖేడ్ ఊరి పిల్లలందరి ఫారాలూ దిద్దే పంతులమ్మను, ఇంకొకరిని ముట్టనిస్తానా!

సాయంత్రం బడిలో మరో పిల్ల ఫారం దిద్దుతుంటే రూతు ఫారంలో నా తప్పు తెలిసింది. పుట్టిన సంవత్సరం సర్కారు వాడే ఫస్లీ లెక్కలో అడిగారు; అది ఇంగ్లీషు లెక్కకు ఐదు వందల తొంభై ఏళ్ళు వెనక. నేను బాప్తిస్మం కాగితం చూసి ఇంగ్లీషు సంవత్సరం వేశాను. ఆ లెక్కన మా రూతు పుట్టడానికి ఇంకా ఐదు వందల ఏళ్ళకు పైనే ఉంది. కాలేజీకి తొందరేముంది!

ఇంటికొస్తే అది ట్రంకు సర్దుతోంది.

"అవ్వా, ఫారం మల్లొక్కసారి సూసినవా?"

"నాకే పాఠం చెప్తున్నవా?"

"కోపమెందుకే? శనివారంతోని గడువు అయిపోతది. గందుకే పరేషాన్ అయితున్న."

"ఇగ పోయి పండుకో."

తెల్లారి మొదటి బస్సుకు పట్నం పోతాను. కాలేజీ గుమాస్తా కాళ్ళయినా పట్టుకుంటాను, దిద్దనిస్తాడో లేదో. ఎందుకు పోతున్నానో ముందు దీనికి చెప్పాలి. ఇన్నేళ్ళూ పిల్లల తప్పులు బోర్డు మీద రాసి మరీ చూపించాను. నా తప్పు ఒక్కటి చెప్పడానికి రెండుసార్లు దాని మంచం దాకా పోయి, దుప్పటి కప్పి వచ్చాను.