మేడమ్ బొమ్మలో నా ముఖం

గురువారం, సాల్మియా

మేడమ్‌కి అంతా తెలిసిపోయిందేమో. ఈ రోజు నేను ఆమె బల్ల తుడుస్తుంటే, జపాన్ పత్రికకు ఆమె గీసి పంపే కామిక్ కాగితాల్లో నా ముఖం కనిపించింది. నా ముక్కుపుడకే, నా నైటీయే. బొమ్మలో నేను బాత్రూమ్‌లో కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాను.

మొన్న నేను అచ్చం అలాగే కూర్చుని, మనిషి మాటే వినబడని ఈ ఇంట్లో ఉండలేను, పనికి వేరే ఇల్లు చూడమని, నాలాగే ఖైతాన్‌లో ఇంటిపని చేసే మా ఊరి లక్ష్మక్కను బతిమాలాను. తలుపు గడియ వేసే ఉంది. మరి ఈమె ఎలా చూసింది?

లక్ష్మక్కకు ఫోన్ చేశాను. "కెమెరా పెట్టింటాది మే. ఈ దేశంలో ఉండే నీ ఇఖామా కాయితం ఆయమ్మ చేతిలో ఉండాది, నోరు జారొద్దు," అంది. బాత్రూమ్ అంతా వెతికాను. ఏమీ దొరకలేదు.

మేడమ్ రాగానే, ఆ బొమ్మలో ఉంది నేనేనా అని ధైర్యం చేసి అడిగేశాను. ఆమె నవ్వలేదు.

"అది నేనే," అంది తన నెమ్మది ఇంగ్లీషులో. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద కామిక్ చిత్రకారుడి దగ్గర పెన్సిల్ గీతలపై సిరా దిద్దే పని చేసేదట. అక్కడ ఉండలేక, బాత్రూమ్‌లో దాక్కుని ఫోన్‌లో వేరే చోట పని అడిగేదట. "అప్పటి నా ముఖం గుర్తులేదు. అందుకే నీ ముఖం వేశాను."

నమ్మాలనే ఉంది. కానీ సరిగ్గా ఆ కథే ఎందుకు చెప్పింది?

బొమ్మలో మాటలు రాసే బెలూన్ ఖాళీగా ఉంది. "ఈమె ఏమంటోందో నువ్వు చెప్పు," అంది.

"ఏమీ లేదు మేడమ్," అన్నాను.

ఆమె తలూపి కలం తీసుకుంది. నేను చెప్పింది ఒక్క ముక్క. ఆమె నాకు చదవరాని జపాన్ అక్షరాల్లో మూడు వరుసలు రాసింది.