గోడ స్విచ్ సంగతి

మామయ్యా,

కంప్యూటర్ పని అయ్యాక ఇకమీదట గోడ స్విచ్ ఆపేయకండి, మీకు దండం పెడతాను.

ఇవాళ పొద్దున దాన్ని తెరిచి కొయ్యబారిపోయాను. అంతా తెలుగులోకి మార్చేశాననే అనుకున్నాను. మీరు ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మాత్రం మాట వినలేదు, దానికి భాష విడిగా మార్చాలట. మూసేటప్పుడు అది ఇంగ్లిష్‌లో ఏదో అడిగేది. మీరేమో “తెలియని మీట నొక్కకూడదు, మెయిన్ ఆపేయాలి” అనే, మిల్లులో పనిచేసినప్పటి అలవాటు కొద్దీ రోజూ కరెంటే తీసేశారు. నాతో ఒక్క ముక్క అనొచ్చు కదా! స్విచ్ ఎవరు ఆపుతున్నారని నేను ఇంట్లో అందరి మీదా ఎగిరాను కూడా.

భాష మార్చి మళ్లీ తెరిస్తే, భద్రం కాకుండా ఆగిపోయినవన్నీ వరసగా చూపించింది. మీ అబ్బాయికి రాసిన ఉత్తరాలు, నలభై మూడు! రోజూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారన్నమాట. అన్నిట్లో మొదటి వాక్యం ఒకటే: “ఒరే పెద్దోడా, ఆ రోజు నీమీద చెయ్యి చేసుకోవడం నా తప్పేరా.” అంతకు మించి చదవలేదు, ఒట్టు.

ఏడాదిగా మీ ఇద్దరి మధ్య కబుర్లు మోసి నా కాళ్లు అరిగిపోయాయి మామయ్యా.

ఇప్పుడది తెలుగులోనే అడుగుతుంది. “భద్రపరచు” నొక్కండి, ఏమీ పేలదు.

అన్నట్టు, మీ అబ్బాయి ఇవాళ ఆరింటికల్లా వచ్చేస్తారు. నేను రావడం ఆలస్యమవుతుంది. నలభై మూడు సార్లు రాసిన వాక్యం, మీకు ఈపాటికి నోటికి వచ్చేసే ఉంటుంది.